పిల్లల నీళ్ల సీసా డిజైన్ చేయాలా? సింకు దగ్గర మొదలుపెట్టండి

చిన్నపిల్లల నీళ్ల సీసా అనగానే ఎవరికైనా ముందు తట్టే ప్రశ్న ఒకటే: కారకుండా ఎలా చేయాలి? నేనూ అక్కడే మొదలుపెట్టి తప్పుదారి పట్టాను. తలకిందులు చేసి ఎంత ఊపినా చుక్క రాని మూత ఒకటి తయారుచేసి, ఇంట్లో వాడకానికి ఇచ్చి తెగ మురిసిపోయాను. మూడో వారానికి అందులోంచి అదోరకం వాసన మొదలైంది. రోజూ కడుగుతూనే ఉన్నాం, పైకి చూస్తే మెరుస్తూనే ఉంది. మూత లోపలి సిలికాన్ రింగును తలపిన్నుతో పైకి లాగితే, దాని కింద గాడి పొడవునా నల్లటి బూజు, అక్కడక్కడా అట్టకట్టిన పాలు. కారడం ఆపడానికి పెట్టిన రింగే బూజుకు ఇల్లయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అందుకే ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాను. ముందు కడగడం, తర్వాతే కారడం. కారకుండా ఉండాలని మీరు చేర్చే ప్రతి ముక్కా నీళ్లు నిలిచే ఒక కొత్త సందును వెంటబెట్టుకొస్తుంది. ఆ సందు మనకు కావాలా వద్దా అని ప్రతిసారీ తేల్చుకోవడమే ఇందులో అసలు పని.

1. ఎంత కారితే ఫర్వాలేదో ముందే రాసుకోండి

"అస్సలు కారకూడదు" అని రాసుకుంటే పని అక్కడే చెడుతుంది. కారడం రెండు రకాలు. ఒకటి, పిల్ల చేతిలో ఉండగా జరిగేది: సీసా ఒరుగుతుంది, తలకిందులవుతుంది, గాల్లో ఊగుతుంది. రెండోది, సంచిలో జరిగేది: మూత వేసి ఉంటుంది, పైన బరువు పడుతుంది, గంటల తరబడి అడ్డంగా పడి ఉంటుంది. మొదటిదానిలో నాలుగు చుక్కలు పడితే గుడ్డతో తుడిచేస్తాం. రెండోదానిలో ఒక చెంచాడు కారినా సంచిలోవన్నీ తడుస్తాయి.

ఈ రెంటికీ ఒకే వాల్వుతో జవాబు చెప్పాలని చూస్తే ఆ వాల్వు బిగుసుకుపోతుంది, పిల్ల బుగ్గలు లోపలికి పోయేలా పీల్చినా నీళ్లు రావు. రెండుసార్లు పీల్చి సీసా విసిరేస్తుంది. కాబట్టి చేతిలో ఉన్నప్పటికి మెత్తని వాల్వు, సంచిలో ఉన్నప్పటికి గట్టిగా నొక్కిపెట్టే మూత. పనులు వేరు చేసుకోండి.

2. వాల్వును నీటి మట్టంతో కొలవండి

చీలిక ఉన్న సిలికాన్ వాల్వుకు పిల్ల పీలుస్తోందా, సీసా తలకిందులైందా అన్నది తెలియదు. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ తేడా ఎంత అన్నదొక్కటే దానికి తెలుసు. ఆ తేడా ఒక హద్దు దాటితే తెరుచుకుంటుంది. ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నదే మీ నిర్ణయం.

దీన్ని సెంటీమీటర్ల నీటి మట్టంలో లెక్కవేస్తే అంతా తేలిగ్గా అర్థమవుతుంది. సీసాలో నీళ్లు 15 సెం.మీ. ఎత్తు ఉంటే, తలకిందులు చేసినప్పుడు వాల్వు మీద పడేది 15 సెం.మీ. ఒత్తిడి, అంటే సుమారు ఒకటిన్నర కిలోపాస్కల్. ఊపుడు కూడా కలుపుకుంటే 30 దగ్గర హద్దు పెట్టుకోవచ్చు. మరి కింద పడితే? మీటరు ఎత్తు నుంచి పడిన సీసా ఒక సెంటీమీటరు దూరంలో ఆగిందనుకోండి, ఆ క్షణంలో నీళ్ల బరువు సగటున 100 రెట్లవుతుంది. మూతి నేలకు తగిలేలా పడితే ఆ 15 కాస్తా 1,500. పిల్ల పీల్చి తెరవగలిగే ఏ వాల్వూ దీన్ని ఆపలేదు. అది జరిగేది రెప్పపాటే కాబట్టి నాలుగు చుక్కలతో పోతుంది. ఆ నాలుగు చుక్కలను ఆపాలని వాల్వును మందం చేయకండి.

కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మీటరు పొడవున్న పారదర్శక గొట్టం చివర వాల్వును బిగించి, నీళ్లవైపు ఉండాల్సిన ముఖం గొట్టం లోపలికి వచ్చేలా నిలువుగా పట్టుకోండి. పైనుంచి నెమ్మదిగా నీళ్లు పోయండి. మొదటి చుక్క ఏ ఎత్తులో పడిందో టేపుతో కొలిస్తే అదే ఆ వాల్వు హద్దు. పది వాల్వులు కొలిచి చూడండి. ఒకే అచ్చులో పోసినా, చీలిక చేత్తో కోసినవైతే ఒక్కోటీ ఒక్కో లెక్క చెబుతుంది. అప్పుడే కోత ఎంత ముఖ్యమో తెలిసొస్తుంది.

3. మూతి ఎలా ఉండాలి

గట్టి ముక్కు ఉన్న కప్పును నేను మొదటే పక్కన పెడతాను. నడక నేర్చే పిల్ల దాన్ని నోట్లో పెట్టుకునే తిరుగుతుంది, పడితే ఆ ముక్కు అంగిట్లో గుచ్చుకుంటుంది. అమెరికాలో 1991 నుంచి 2010 దాకా పాల సీసాలు, పాసిఫయర్లు (ఊరికే చప్పరించే పీకలు), ముక్కు కప్పుల వల్ల దెబ్బ తగిలి అత్యవసర విభాగానికి వచ్చిన మూడేళ్లలోపు పిల్లల సంఖ్యను అంచనా కడితే 45 వేల పైచిలుకు తేలింది. వాటిలో 86 శాతం పడిపోవడం వల్ల తగిలినవే. పైగా చిందని వాల్వు ఉన్న కప్పును, కప్పుతో తాగడం నేర్పడానికి వాడవద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ చెబుతోంది. పిల్ల దానితో గుటక వేయడం కాదు, పాల సీసాలాగే పీల్చడం కొనసాగిస్తుంది.

మిగిలినవి రెండు. అంచు చుట్టూ ఎక్కడైనా పెదవి ఆనించి తాగే పళ్లెం మూత: ఒక సిలికాన్ పళ్లెం, దాన్ని పట్టి ఉంచే చట్రం, అంతే. కడగడానికి దీన్ని మించింది లేదు. కింద పడితే మాత్రం కాస్త గట్టిగానే చిందుతుంది. ఇంట్లో వాడేదైతే కళ్లు మూసుకుని దీన్ని ఎంచుకోండి.

బయటికి తీసుకెళ్లేదైతే మెత్తని స్ట్రా మంచిది. మూత పైన కీలుతో తిరిగే చిన్న పైమూత వేయగానే స్ట్రా మడతపడి నలిగి మూసుకుపోతుంది కాబట్టి సంచిలో భద్రం. కష్టమంతా కడగడంలోనే. స్ట్రా లోపలి వెడల్పు 6 మి.మీ. కంటే తగ్గనివ్వకండి. నోట్లో పెట్టుకునే పైముక్క, నీళ్లలో మునిగే కింది గొట్టం విడివిడిగా ఊడిరావాలి, రెంటిలోనూ బ్రష్ ఒక వైపు నుంచి రెండో వైపుకు నేరుగా బయటికి రావాలి. కింద బరువు గుండు ఉండే స్ట్రాలు పిల్లకు సరదాగానే ఉంటాయి. ఆ గుండు లోపల ఎండిపోయిన పాలను గీకే పని మీరొకసారి చేస్తే ఇక దాని జోలికి పోరు.

4. సందులు మూసేయండి

ఇక్కడ తొందరపడకండి. సీసా గీసిన ప్రతిసారీ ఎర్ర పెన్ను తీసుకుని, బ్రష్ గానీ వేలు గానీ చేరని చోటల్లా సున్నా చుట్టండి. నా మొదటి బొమ్మలో 11 సున్నాలు వచ్చాయి.

అడుగు మూలలు: లోపలి మూల ఏదైనా కనీసం 5 మి.మీ. గుండ్రంగా తిరగాలి. సీసా అడుగు మధ్యలో పైకి పొంగి ఉంటే దాని చుట్టూ కందకంలా ఒక గాడి ఏర్పడుతుంది. ఆ పొంగును వీలైనంత తక్కువలో ఉంచండి.

మెడ: బ్రష్ తలకు 45 మి.మీ. చాలు. కానీ అడుగు మూలకు బ్రష్ వాలాలంటే మెడ సీసా వెడల్పుకు దగ్గరగా ఉండాలి. మెడ లోపల భుజం ఉండకూడదు. తిరగేసి ఆరబెట్టినప్పుడు నీళ్లు నిలిచేది ఆ భుజం మీదే.

మరలు: వీలైతే సీసా బయట, మూత లోపల. సన్నగా, దగ్గరగా ఉండే మరల మధ్య జిడ్డు చేరితే తీయడం కష్టం. లావుగా, గుండ్రంగా, ఒక చుట్టు లోపే పూర్తయ్యేలా రెండు మూడు మరలు సమాంతరంగా మొదలయ్యేవి పెట్టండి. బట్టతో తుడిస్తే జిడ్డు పోతుంది, మూత కూడా అర చుట్టుకే బిగుస్తుంది.

రింగు: ముందు, రింగు లేకుండా కుదురుతుందా చూడండి. మూత లోపలి నుంచి పల్చటి అంచు ఒకటి సీసా మూతిలోకి బిరడాలా దిగితే ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్కే నీళ్లు ఆపుతుంది. కొలతలు ఖచ్చితంగా రావాలి, అచ్చు ఖర్చు పెరుగుతుంది, కానీ ఒక ముక్క తగ్గుతుంది. తప్పనిసరిగా రింగు పెట్టాల్సి వస్తే దాన్ని లోతైన గాడిలో దాచకండి. లాగడానికి చిన్న నాలుకలాంటి కొస ఇవ్వండి, అది పిన్ను లేకుండా రెండు వేళ్లతో ఊడిరావాలి. ఇంకో మార్గం, స్ట్రా, వాల్వు, రింగు మూడూ కలిపి ఒకే సిలికాన్ ముక్కగా పోయడం. ప్రస్తుతం నేను వాడేది ఇదే. ఒకటి లాగితే అన్నీ వస్తాయి.

రంగు గురించి ఒక మాట. సిలికాన్ ముక్కలు తెల్లగానో, పాలిపోయినట్టుగానో ఉంచండి. ముదురు రంగు వేస్తే అందంగానే ఉంటుంది, బూజు కూడా కనబడకుండా హాయిగా పెరుగుతుంది.

మొత్తం ముక్కలు అయిదు దాటకూడదు. ఆరోది కావాలనిపిస్తే ఉన్నవాటిలో ఒకటి తీసేయండి.

5. గాలికి దారి

నీళ్లు బయటికి వస్తున్నకొద్దీ లోపలికి గాలి రావాలి. రాకపోతే నాలుగు గుటకల తర్వాత పిల్ల ఎంత పీల్చినా ఏమీ రాదు. అందుకు మూతలో చిన్న చీలిక వాల్వు ఇంకొకటి ఉంటుంది. బాతు ముక్కులాంటి ఆకారంలో, ముక్కు కొస సీసా లోపలివైపు ఉండాలి. అప్పుడు గాలి లోపలికి వస్తుంది, నీళ్లు పైనుంచి ఒత్తితే రెండు పెదవులూ ఇంకా దగ్గరవుతాయి.

దీనివల్లే ఇంకో చిక్కు. చల్లటి నీళ్లు పోసి మూత బిగించిన స్ట్రా సీసా వేడెక్కాక తెరవగానే ముఖం మీదికి నీళ్లు చిమ్మడం చూసే ఉంటారు. లోపలి గాలి 10 డిగ్రీల నుంచి 30కి చేరితే ఒత్తిడి సుమారు 7 శాతం పెరుగుతుంది. మన కొలతలో అది 70 సెం.మీ. నీటి మట్టం! స్ట్రా 20 సెం.మీ. కూడా ఉండదు. లోపల 100 మి.లీ. గాలి ఉంటే 7 మి.లీ.కి పైగా నీళ్లు బయటికి తోసుకొస్తాయి. సగం ఖాళీగా ఉన్న సీసా నిండు సీసా కంటే ఎక్కువగా చిమ్మేది అందుకే, అందులో గాలి ఎక్కువ. విమానంలోనూ ఇదే జరుగుతుంది, అక్కడ వేడి బదులు బయటి ఒత్తిడి తగ్గుతుంది.

మన గాలి వాల్వు లోపలికే తప్ప బయటికి వదలదు కాబట్టి దీనికి వేరే ఏర్పాటు కావాలి. స్ట్రాను మడిచే పైమూత అడుగున చిన్న పొడుచుకు వచ్చిన మొన పెట్టండి. పైమూత తెరిచే మొదటి కదలికలో, స్ట్రా ఇంకా మడతలో ఉండగానే, ఆ మొన గాలి చీలికను ఒక్క క్షణం తెరవాలి. బుస్సుమని గాలి పోతుంది. ఆ తర్వాతే స్ట్రా లేవాలి. పైమూత కీలు దగ్గర అచ్చులోనే వచ్చేసే మొన కాబట్టి ముక్కల లెక్క పెరగదు.

6. సరుకు, భద్రత

సీసాకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ చవక, తేలిక, మరిగే నీళ్లకు తట్టుకుంటుంది. బాగా చల్లబడితే మాత్రం పెళుసుబారుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసి పడేస్తే పగలొచ్చు. కాస్త పారదర్శకంగా, దెబ్బకు ఆగేలా కావాలంటే దాంట్లోనే కోపాలిమర్ రకం అడగండి. స్టీలు సీసాకు పగిలే బాధ లేదు, కానీ లోపలి మురికి బయటికి కనిపించదు. పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్ వద్దు. అందులోంచి బిస్ఫినాల్ ఎ అనే రసాయనం ఊరుతుందన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2011లో పాల సీసాల్లో దాన్ని నిషేధించింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో పాల సీసాలు, ముక్కు కప్పుల విషయంలో తన అనుమతిని వెనక్కి తీసుకుంది.

ఊడివచ్చే ప్రతి ముక్కనూ గొంతులో అడ్డుపడే పరీక్ష చేయండి. 31.7 మి.మీ. వ్యాసం, 25.4 నుంచి 57.1 మి.మీ. దాకా ఏటవాలు లోతు ఉన్న గొట్టంలో ఎటు తిప్పినా పూర్తిగా పట్టే ముక్క మూడేళ్లలోపు పిల్లల చేతికి వెళ్లకూడదు. విడిగా ఉండే చిన్న వాల్వులు ఈ పరీక్షలోనే తప్పుతాయి. అన్నీ కలిపిన ఒకే ముక్క మంచిదనడానికి ఇది ఇంకో కారణం. ఇక పిల్లలు స్ట్రా కొసను నమిలేస్తారు. బొమ్మల భద్రతకు ఉన్న యూరప్ ప్రమాణంలో 6 మి.మీ. కంటే పెద్ద ముక్కను 90 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 9 కిలోల బరువు వేలాడదీసినట్టు లాగి చూస్తారు. మీ స్ట్రాకూ అదే పెట్టండి, కొత్తదానికి కాదు, పంటి గాట్లు పడినదానికి. పిల్లల తాగే సామాను కోసమే ఈఎన్ 14350 అనే ప్రమాణం ఉంది. అమ్మకానికి వెళ్లేవాళ్లు అచ్చు చేయించక ముందే దాన్ని చదవండి, తర్వాత కాదు.

పరిమాణం: రెండు మూడేళ్ల పిల్లకు 250 మి.లీ. చాలు. నడుం దగ్గర 50 నుంచి 55 మి.మీ.కు సన్నబడితే చిన్న చేతికి పట్టు దొరుకుతుంది. పిడి తగిలించాలని ఉంటుంది. అదీ కడగాల్సిన ముక్కే.

7. నమూనా చేసుకోండి

ఆకారం చూసుకోవడానికి త్రీడీ ప్రింట్ భేషుగ్గా పనికొస్తుంది. తాగడానికి మాత్రం ఇవ్వకండి, పొరల మధ్య సందుల్లో నీళ్లు, క్రిములు చేరతాయి. సిలికాన్ వాల్వులు ఇంట్లోనే పోసుకోవచ్చు. పరీక్షలకే, తాగడానికి కాదు. ప్లాటినంతో గట్టిపడే సిలికాన్‌ను రెజిన్‌తో (వెలుతురుకు గట్టిపడే ద్రవంతో) ప్రింట్ చేసిన అచ్చులో నేరుగా పోస్తే, తాకిన చోటల్లా గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. లేటెక్స్ తొడుగులు వేసుకుని కలిపినా అంతే, అందులోని గంధకం చెడగొడుతుంది. ఈ రెండోది తెలియక నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

పొర మందం ఒక మిల్లీమీటరుతో, చీలిక 4 మి.మీ.తో మొదలుపెట్టి, గొట్టం పరీక్షలో వచ్చే అంకెను బట్టి మార్చుకుంటూ వెళ్లండి. చీలికకు ప్రతిసారీ కొత్త బ్లేడు వాడండి. కొసలో గాటు పడితే సిలికాన్ అక్కడినుంచే చిరుగుతూ పోతుంది.

8. పరీక్షలు, ఈ వరసలోనే

మొదటిది కడిగే పరీక్ష. సీసాలో పాలు పోసి, ఊపి, పారబోసి, కడగకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున ఈ సీసాను ముందెప్పుడూ చూడనివాళ్లకు ఇచ్చి, ఏమీ చెప్పకుండా, రెండు నిమిషాల్లో కడగమనండి. మురికి ఎక్కడ మిగిలిందో కంటికి తెలియకపోతే బి2 విటమిన్ సాయం తీసుకోండి. దాన్ని నీళ్లలో కలిపి సీసా అంతా తడిపి, కడిగించి, చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే మిగిలిన చోటల్లా పసుపుపచ్చగా వెలుగుతుంది. మందుల కర్మాగారాల్లో యంత్రాల మూలలకు కడిగే నీళ్లు చేరుతున్నాయా అని చూసేదీ ఇలాగే.

తర్వాత ఆరే పరీక్ష: కడిగి తిరగేసి, ఎనిమిది గంటల తర్వాత ప్రతి సందులో టిష్యూ కొస దూర్చి చూడండి. తడి ఉంటే అక్కడ బూజు వస్తుంది, ఇక వాదన లేదు.

మూడోది బిగించే పరీక్ష. ముక్కలన్నీ విప్పి కుప్పగా ఇచ్చేయండి. మా అత్తయ్య వాల్వును తిరగేసి పెట్టి, మూత బిగించి, నీళ్లు పోసి నా ఒళ్లోనే వంచేసింది. "ఏం బాబూ, రెండు పక్కలా ఒకేలా ఉంటే నాకెలా తెలుస్తుంది?" అంది. ఆవిడ తప్పేం లేదు. తిరగేస్తే మూత అసలు పట్టకుండా ఒక పక్క చిన్న మెట్టు చేర్చాను. రింగు పెట్టడం మరిచిపోతే కూడా అంతే, మూత వదులుగా గిలగిల్లాడాలి, బిగిసినట్టు నటించకూడదు.

ఇవన్నీ దాటాకే కారే పరీక్షలు. 0.1 గ్రాము దాకా చూపే త్రాసు మీద సీసాను తూచి, తలకిందులుగా టిష్యూ మీద పది నిమిషాలు ఉంచి మళ్లీ తూచండి. ఇరవైసార్లు ఊపి తూచండి. 90 సెం.మీ. ఎత్తు నుంచి మూతి మీద, అడుగు మీద, పక్కకు పడేసి తూచండి. చల్లటి నీళ్లు సగం పోసి, గంటసేపు వెచ్చటి చోట ఉంచి, ముఖానికి దూరంగా పెట్టుకుని తెరవండి. వేడి నీళ్లతో, సోడాతో మాత్రం ఈ మూతలు బిగించవద్దని సీసా మీదే చెక్కించండి, కాగితం మీద రాస్తే ఎవరూ చదవరు.

చివరగా, కొత్త వాల్వుతో చేసినవన్నీ మూడు నెలలు నమిలిన వాల్వుతో మళ్లీ చేయండి. గొట్టానికి బిగించి చూస్తే 30 దగ్గర ఉండాల్సిన హద్దు పదికి దిగి ఉండొచ్చు. అలాగైతే మార్చుకోవడానికి కొత్త వాల్వు ముక్కలు దొరికేలా ఏర్పాటు చేయండి, రెండు ఎక్కువ సీసాతోపాటే ఇవ్వండి. అమ్మకానికి వెళ్లాక సీసా రూపం ఎన్నిసార్లు మార్చినా, పాత సీసాలకూ పట్టేలా వాల్వు సైజు మాత్రం మార్చకండి.